ముల్లు చేతికొచ్చేదాకా టైరు ఎక్కించొద్దు

నాది రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే పని. కాపురం నరసాపురంలో. చెరువులేమో సగానికి పైగా గోదావరి అవతల, సఖినేటిపల్లి నుంచి అంతర్వేది వైపు. నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే కాబట్టి రైతు దగ్గర్నించి ఫోను కూడా ఆ వేళకే వస్తుంది. తొలి పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే పడవ, అందుకోవాలి, అవతల రేవులో దిగగానే చేతిలో బండి ఉండాలి. చించినాడ వంతెన మీంచి చుట్టు తిరిగి వెళ్ళడానికి ఓపిక, పెట్రోలు రెండూ చాలక ఓ మడత ఎలక్ట్రిక్ సైకిలు కొన్నాను. 20 అంగుళాల చక్రాలు, 250 వాట్ల మోటారు. గంటకు 25 కిలోమీటర్లు దాటదు కాబట్టి రిజిస్ట్రేషను, లైసెన్సు గొడవ లేదు. పంటు మీద మోటారు సైకిళ్ళ మధ్య మడిచి పెట్టుకుంటే మేకపిల్ల పడుకున్నంత చోటు చాలు.

అంతా బాగానే ఉందండీ, కాకపోతే నా బండికి మోటారు ముందు చక్రంలో ఉంది. చిక్కంతా అక్కడే.

మొదటిసారి పంచరైనప్పుడు రోడ్డు పక్కన ఓ పంచర్ల షాపుకి తోసుకుపోయాను. ఏ ఊరో చెప్పను, ఆయన మంచివాడే, లారీ టైర్లు విప్పీ విప్పీ కాయలు కాసిన చేతులు. "ఇదెంత పనండీ" అని పెద్ద పానా పెట్టి నట్లు తిప్పాడు, చక్రం పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. చక్రంతో పాటు మోటారు వైరూ వచ్చింది. పంచరు చక్కగానే వేశాడు. ఇంటికొచ్చి వైరు మళ్ళీ కలిపి యాక్సిలరేటరు తిప్పితే చక్రం తిరగదే! గరగరమని వణికి ఆగిపోయింది. మోటారుకి వెళ్ళే మూడు లావు వైర్లలో ఏ ఒక్కటి తెగినా ఇలాగే వణుకుతుందట. బాగు చేయించడానికి పది రోజులు పట్టింది, ఆ పది రోజులూ పంటు దిగి ఆటోలు. అప్పట్నించి ఈ పని నేనే చేసుకుంటున్నాను. చేసి చేసి తెలిసినవి చెబుతాను.

అన్నిటికన్నా ముందు ఒక మాట. పంచరైంది కదా అని చక్రం విప్పకండి. సైకిలు పంచరుకి చక్రం విప్పాలని మనకి ఎవరు నేర్పారో గానీ, పాత హెర్క్యులిస్ సైకిళ్ళకి పంచరు వేసే తాతలు ఎప్పుడైనా చక్రం విప్పగా చూశారా? టైరుని ఓ పక్కన రిమ్ము మీంచి దించి, ట్యూబు బయటికి లాగి, కన్నం దగ్గర ప్యాచీ వేసి, మళ్ళీ లోపలికి తోసేసేవారు. చక్రం కదిలేదే కాదు. మోటారు చక్రానికి కూడా అదే పద్ధతి. ట్యూబు మార్చాలన్నా, టైరు మార్చాలన్నా, వాల్వు మొదట్లో చిరిగినా, అప్పుడు మాత్రమే చక్రం దించాలి. నా లెక్కన పదింట ఎనిమిది పంచర్లకి నట్టు ముట్టుకోనక్కర్లేదు.

సంచిలో ఏముండాలో చెప్పేస్తాను. ప్లాస్టిక్ టైరు లీవర్లు రెండు. ఇనుపవి వద్దు, రిమ్ము గీరుకుపోతుంది, ట్యూబూ చిరుగుతుంది. ప్యాచీలు, సొల్యూషను, ఉప్పుకాగితం ముక్క. గేజీ ఉన్న చిన్న పంపు. మీ ఇరుసు నట్టుకి సరిపోయే పానా. నా మోటారు ఇరుసుకి 18 ఎంఎం, మోటారు లేని ముందు చక్రాలకి చాలావాటికి 15. కట్టర్, నాలుగు కేబుల్ టైలు, ఓ పాత ఏటీఎం కార్డు, కాసింత దూది. ఒక కొత్త ట్యూబు. సొల్యూషను ట్యూబు మూత ఒకసారి తీశాక కొన్నాళ్ళకి లోపలే ఎండిపోతుంది. నొక్కి చూసుకోకుండా బయల్దేరితే గట్టు మీద కూర్చుని ఏడవడమే. నాకు ఆ ముచ్చటా తీరింది.

ఇక పని. బండి స్విచ్చి కట్టేసి బ్యాటరీ బయటికి తీసేయండి. ఇది మొహమాటపడే సంగతి కాదు. చేతులు పుల్లల మధ్యన ఉండగా పొరపాటున యాక్సిలరేటరు తిరిగితే వేళ్ళు పోతాయి. పైగా బ్యాటరీ తీస్తే బండి బరువు రెండు కిలోల పైన తగ్గుతుంది.

మామూలు సైకిల్ని తలకిందులు చేసినట్టు దీన్ని చేయకూడదు. హ్యాండిలు మీది డిస్‌ప్లే, బ్రేకు లీవర్లు నేలకి నలుగుతాయి. ఇంట్లో అయితే నేను వసారా దూలానికి కొబ్బరి తాడు వేసి, హ్యాండిలు కింద ఫ్రేము మెడ దగ్గర కట్టి, ముందు చక్రం జానెడు పైకి లేచేలా వేలాడదీస్తాను. కట్టేముందు ఫ్రేము మధ్యలో మడత దగ్గరి క్లాంపు గట్టిగా పడిందో లేదో చూసుకోండి. ఓసారి మరిచిపోయాను, తాడు లాగగానే బండి నడుం దగ్గర విరిగినట్టు మడుచుకుని నా మోకాలి మీద పడింది. గట్టు మీదయితే ఖాళీ మేత సంచి పరిచి బండిని ఎడమ పక్కకి పడుకోబెట్టండి. గేర్లు, చైను కుడి వైపుంటాయి కాబట్టి అవి పైకి ఉండాలి.

టైరు దించేముందు ఒక చిన్న ఏర్పాటు చేసుకోవాలి. తర్వాత చెప్పబోయేదంతా దీని మీదే నడుస్తుంది. టైరు పక్కన కంపెనీ పేరు అచ్చు వేసి ఉంటుంది కదా, ఆ పేరు వాల్వుకి ఎదురుగా ఉందా? లేకపోతే సుద్దతోనో పెన్నుతోనో వాల్వు ఎదురుగా టైరు మీద గీత గీయండి. కన్నం ట్యూబులో ఎక్కడుందో తెలిశాక టైరులో ఎక్కడ వెతకాలో ఆ గీతే చెబుతుంది.

గాలి పూర్తిగా తీసేయండి. టైరు చుట్టూ రెండు బొటనవేళ్ళతో నొక్కుతూ అంచుని రిమ్ము నడుమకి తోయండి. రిమ్ము నడుమ గాడి లోతుగా ఉంటుంది, అంచు అందులోకి జారితే మిగతా చోట టైరు వదులవుతుంది. 20 అంగుళాల చక్రానికి ఈ సంగతి మరీ ముఖ్యం. చుట్టుకొలత చిన్నది కాబట్టి టైరు బిగువుగా పట్టుకుంటుంది. బలం ఉపయోగించేవాళ్ళు లీవర్లు విరగ్గొట్టుకుంటారు. గాడిలోకి తోసినవాళ్ళకి మొదటి లీవరు గుచ్చగానే వచ్చేస్తుంది. వాల్వుకి అవతలి వైపు మొదలెట్టి, లీవర్లు నాలుగు వేళ్ళ దూరంలో పెట్టి, ఒక పక్క అంచు దించితే చాలు. రెండో పక్క అలాగే ఉంచండి. వాల్వు దగ్గర ట్యూబుని కదపకండి, మిగతా ట్యూబంతా బయటికి లాగండి.

ఇప్పుడు కాస్త గాలి కొట్టండి. ట్యూబు మామూలు లావుకి ఒకటిన్నర రెట్లు ఉబ్బేదాకా చాలు. చెవి దగ్గర, పెదాల దగ్గర పెట్టి తిప్పితే పెద్ద కన్నం తెలిసిపోతుంది. చిన్న కన్నానికి నీళ్ళు కావాలి, పక్కనే ఎకరం నీళ్ళు ఉన్నాయి కదా అని ట్యూబుని చెరువులో ముంచకండి. రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. ఒక చెరువు నీళ్ళు ఇంకో చెరువుకి మోస్తే తెల్లమచ్చల వైరస్ మోసినట్టే. గట్ల చుట్టూ పీతలు రాకుండా వలలు, పైన పిట్టలు వాలకుండా దారాలు కట్టుకుని, మనల్ని కాళ్ళు మందునీళ్ళలో ముంచి రమ్మనేది అందుకే. బకెట్టులో బోరు నీళ్ళు అడగండి. కాలువ పక్కనైతే కాలువ నీళ్ళు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అదీ ఉండదు. అప్పుడు నా దగ్గర ఉన్న ఉపాయం, చుక్కల సీసా. అమ్మోనియా పరీక్షకి వాడే సీసాలాంటి ఖాళీ సీసాలో సబ్బు నీళ్ళు పోసి ఉంచుకుంటాను. ట్యూబు మీద వరసగా చుక్కలు వేసుకుంటూ పోతే కన్నం దగ్గర ఆవగింజంత బుడగ లేచి, మినపగింజంత అయి, పగిలి మళ్ళీ లేస్తుంది. బకెట్టులో కనబడని కన్నం కూడా దీనికి దొరుకుతుంది. ట్యూబంతా వెతికినా ఏమీ లేకపోతే వాల్వు మూతి మీద ఓ చుక్క వేయండి. బుడగ అక్కడే లేస్తే ప్యాచీ పనే లేదు, వాల్వు పిన్ను బిగించడమో మార్చడమో చాలు.

కన్నం దొరకగానే పెన్నుతో దాని చుట్టూ పెద్ద గుర్తు పెట్టండి, కన్నం మీద కాదు. ఇప్పుడు ఒక్క నిమిషం దాన్ని చూస్తూ కూర్చోండి. కన్నం ఎక్కడుందో చూస్తే కారణం సగం తెలుస్తుంది. రోడ్డు తగిలే వైపు ఒకే సూదికన్నం ఉంటే ముల్లో, తీగో. రిమ్ము వైపు, అంటే లోపలి వైపు ఉంటే పుల్ల మొనో, ఆ మొనల్ని కప్పి ఉంచే రిమ్ము పట్టీ పక్కకి జరగడమో. పక్కపక్కనే రెండు గాట్లు, పాము కాటులాగా ఉంటే గాలి తక్కువగా నడిపి తూము అంచుకో సిమెంటు రోడ్డు అంచుకో గుద్దారన్నమాట. దానికి ముల్లు వెతకడం దండగ, రెండు గాట్లూ కప్పే పెద్ద ప్యాచీ వేసి ఇక మీదట గాలి సరిగా పెట్టుకోండి. వాల్వు మొదట్లో చిరిగిందా, ట్యూబు పారేయండి. అక్కడ ప్యాచీ అతకదు.

మా వైపు ముళ్ళకి కొదవ లేదు. కాలువ గట్టు మీద తుమ్మ, సర్కారు తుమ్మ. ఇసక దారిలో పల్లేరు కాయలు, ఎటు పడ్డా ఒక ముల్లు పైకే. చేల గట్ల మీద ఈత ముళ్ళు. చెరువుల దగ్గర వలలకి కట్టిన ఇనప తీగ ముక్కలు, పగిలిన నత్త గుల్లలు. ఇవన్నీ కంటికి కనబడే శత్రువులు. 216 జాతీయ రహదారి మీద కనబడనిది ఒకటుంది. పేలిపోయిన లారీ టైర్లు ఊడ్చేవాళ్ళు లేక రోడ్డు వారన అరిగీ అరిగీ వాటిలోని ఉక్కు తీగలు వెంట్రుకల్లా విడిపోయి పడుంటాయి. నన్ను వారం రోజులు ఏడిపించింది అదే.

ఏమైందంటే, ఓ సోమవారం అంతర్వేది దారిలో ముందు చక్రం మెత్తబడింది. ప్యాచీ వేశాను. బుధవారం మళ్ళీ మెత్తబడింది. విప్పి చూస్తే పాత ప్యాచీ రాయిలా ఉంది, దానికి అంగుళం అవతల కొత్త కన్నం. వేశాను. శుక్రవారం పంటు దిగేసరికి మళ్ళీ. ఈసారి రెండు ప్యాచీలకీ మధ్యన. అప్పటికి బుర్ర వెలిగింది: మూడు కన్నాలు జానెడు లోపలే ఉన్నాయంటే అవి మూడు ముళ్ళు కావు, ఒకటే ముల్లు, ఇంకా టైరులోనే కూర్చుంది. టైరు ఎక్కించిన ప్రతిసారీ ట్యూబు కాస్త అటూ ఇటూ జరుగుతోంది, అది కొత్త చోట పొడుస్తోంది.

లోపల వేళ్ళు పెట్టి తడిమాను. ఏమీ తగల్లేదు. తగిలినా వేలు తెగుతుంది, అందుకే ఆ పద్ధతి మీకు చెప్పను. ఇంటికొచ్చాక దూది ఉండ తీసుకుని టైరు లోపల నెమ్మదిగా రుద్దుకుంటూ పోయాను. గీత దగ్గర్నించి రెండు జానల దూరంలో, సరిగ్గా కన్నాలు ఉండాల్సిన చోట, ఒక్క దూది పోగు ఆగిపోయింది. అంతే. సాలెగూడు దారమంత పోగు. ఆ చోట టైరుని బొటనవేళ్ళతో వెనక్కి విల్లులా వంచి ఫోను లైటు వేస్తే అప్పుడు కనబడిందండీ, నల్లటి రబ్బరులో బూడిద రంగు చుక్క. టైరు మామూలుగా ఉన్నప్పుడు రబ్బరు దాన్ని మింగేసి ఉంటుంది. మనిషి ఎక్కి కూర్చుని టైరు నొక్కుకుంటే బియ్యపు గింజలో సగమంత పైకి వస్తుంది, ట్యూబుని పొడిచి మళ్ళీ లోపలికి దాక్కుంటుంది. గోళ్ళ కట్టరుతో పట్టి లాగుదామంటే అందదు. మా ఆవిడ లేసు అల్లుకుంటోంది పక్కన. ఆ సూది అడిగితే ఇవ్వదని అడక్కుండానే తీసుకుని, దాని కొక్కెంతో చుట్టూ రబ్బరు కాస్త కదిపి, తీగ మొన బయటపడ్డాక కట్టరుతో లాగేశాను. పొడుగు కొలిస్తే 4 ఎంఎం. నరసాపురంలో ఆడవాళ్ళ లేసు సూది ముట్టుకోవడమంటే ఏమిటో ఈ ఊరివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ రాత్రి అన్నంలోకి పచ్చడి కూడా దొరకలేదు. మర్నాడు పంచరు సంచిలోకి వేరే సూది కొన్నాను.

అందుకని నా పట్టుదల ఇదీ: ముల్లు చేతికి రాకుండా టైరు ఎక్కించను. వాల్వు నుంచి కన్నానికి ఎంత దూరమో ట్యూబు మీద కొలవండి, టైరు మీద గీత నుంచి అంతే దూరం కొలవండి. ట్యూబుని తిరగేసి పట్టుకున్నారేమో తెలీదు కాబట్టి గీతకి రెండు వైపులా వెతకండి. లోపల దూదితో, బయట కళ్ళతో. దొరికాక కూడా టైరు మొత్తం ఒక చుట్టు దూది తిప్పండి, పల్లేరు కాయలు ఒంటరిగా రావు. ముల్లు బయటి నుంచి ఊడిపోయి దారిలోనే పడిపోయి ఉండొచ్చు, అదీ జరుగుతుంది. కానీ పూర్తిగా వెతికాకే ఆ మాట అనుకోవాలి.

ప్యాచీ వేయడం దీనితో పోలిస్తే చిన్న పని, ఓపిక ఒక్కటీ ఉంటే. ట్యూబు తుడిచి ఆరనివ్వండి. ప్యాచీ కన్నా వెడల్పుగా ఉప్పుకాగితంతో నిగనిగ పోయేదాకా గీరండి. ట్యూబు పొడుగునా అచ్చు కలిసిన చోట సన్నటి గట్టులాంటి గీత ఉంటుంది. కన్నం దాని పక్కనుంటే ఆ గట్టుని చదును చేసేదాకా గీరాలి, లేకపోతే దాని వెంబడి గాలి సన్నగా పోతూనే ఉంటుంది. సొల్యూషను పలచగా, వెడల్పుగా రాయండి. ఇక ఆగండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. తడిగా ఉండగానే అతికిస్తే అది అంటుకోదు, జారుతుంది. అయిదు నిమిషాలు, ముసురు రోజుల్లో ఇంకాస్త ఎక్కువ. మెరుపు పోయి, వేలి వెనకతో ముట్టుకుంటే అంటీ అంటనట్టు ఉండాలి. నోటితో ఊదకండి, ఊపిరి తేమ దాని మీద చేరుతుంది. అప్పుడు ప్యాచీ వెనకున్న రేకు తీసి, మధ్య నుంచి అంచులకి గట్టిగా నొక్కండి. నేను పానా పిడి గుండ్రటి వైపుతో రుద్దుతాను. పైనున్న పలచటి ప్లాస్టిక్ కాగితం రాకపోతే వదిలేయండి, దాన్ని పీకబోతే ప్యాచీ అంచు లేస్తుంది. మీద కాస్త పౌడరు చల్లితే టైరుకి అంటుకోదు. అతికిందో లేదో చూద్దామని బయటే బెలూనులా గాలి కొట్టకండి. ట్యూబు సాగుతుంది, ప్యాచీ సాగదు.

ఇప్పుడు చక్రం దించక తప్పని రోజు సంగతి. మోటారు లేని ముందు చక్రమైతే నాలుగు ముక్కల్లో అయిపోతుంది: లీవరు ఉన్న ఇరుసైతే లీవరు తెరిచి, అవతలి నట్టు కాస్త వదులు చేయాలి, ఎందుకంటే ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే కాళ్ళ కొసన చక్రం జారిపోకుండా చిన్న పళ్ళు ఉంటాయి. రిమ్ము పట్టే బ్రేకైతే ముందు బ్రేకు కేబులు కొక్కెం తప్పించాలి, లేకపోతే టైరు బ్రేకు రబ్బరు ముక్కల మధ్య ఇరుక్కుంటుంది. డిస్కు బ్రేకైతే చక్రం కిందికి లాగడమే.

మోటారు చక్రానికి మొదట వైరు. ఇరుసు నుంచి బయటికొచ్చి ఫోర్కు వెంట పైకి వెళ్ళి జానెడు దూరంలో ఒక ప్లగ్గు దగ్గర కలుస్తుంది. ఫోర్కుకి కట్టిన కేబుల్ టైలు కత్తిరించండి, వైరు దగ్గర కత్తెర మొన పెట్టకండి. ప్లగ్గు రెండు సగాల మీదా బాణం గుర్తులు ఉంటాయి. రెండు సగాల్నీ మొదట్లో పట్టుకుని తిన్నగా లాగాలి. మెలి తిప్పారా, లోపలి పిన్నులు వంగుతాయి. వైరుని పట్టుకుని లాగారా, నా కథే మీ కథ. ఊడదీశాక లోపల చూడండి. మాది ఉప్పు గాలి, నా ప్లగ్గు పిన్నులకి ఏడాదికే పచ్చటి చిలుము పట్టింది. పొడి టూత్‌బ్రష్షుతో రుద్దాను.

నట్లు విప్పేముందు ఫోను తీసి రెండు పక్కలా ఫోటోలు తీయండి. ఇది హాస్యం కాదు, నట్టు కింద వాషర్లు ఏ వరసలో ఉన్నాయో గంట తర్వాత ఎవరికీ గుర్తుండదు. నా బండికి బయటి నుంచి లోపలికి నట్టు, బల్లపరుపు వాషరు, ముక్కున్న వాషరు, ఆ తర్వాత ఫోర్కు, దాని లోపల ఇంకో పలచటి వాషరు. అందులో ముక్కున్నదే ప్రాణం. మోటారు చక్రాన్ని ముందుకి తోస్తుంటే ఇరుసు అంతే బలంతో వెనక్కి తిరగబోతుంది. దాన్ని ఆపేది ఫోర్కు గాడిలో కూర్చున్న ఇరుసు బల్లపరుపు ముఖాలూ, ఫోర్కు కన్నంలో దూరిన ఈ ముక్కూ. అది పెట్టకపోతేనో తిరగేసి పెడితేనో ఓ రోజు ఇరుసు గిర్రున తిరిగి, వైరుని తాడులా మెలిపెట్టి తెంపి, చక్రం ఊడొస్తుంది. ముందు చక్రం ఊడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా.

నట్లు పూర్తిగా తీయనక్కర్లేదు, వాషరు ముక్కు కన్నంలోంచి బయటికి వచ్చేంత వదులు చాలు. ఉప్పు పట్టి బిగుసుకుపోతే కాస్త నూనె వేసి పావుగంట ఆగండి, అయితే నూనె డిస్కు మీద ఒక్క చుక్క కూడా పడకూడదు. డిస్కుని చేత్తో కూడా ముట్టుకోకండి, వేలి జిడ్డుకి కూడా బ్రేకు కీచుమంటుంది. చక్రం మోటారుతో కలిపి నాలుగు కిలోల పైమాటే, అకస్మాత్తుగా ఊడి వైరు మీద వేలాడకుండా తొడ ఆనించి దించండి. దించిన వెంటనే బ్రేకు ప్యాడ్ల మధ్య ఏటీఎం కార్డు దూర్చండి. చక్రం లేనప్పుడు ఎవరైనా బ్రేకు లీవరు నొక్కితే, ముఖ్యంగా నూనెతో పనిచేసే బ్రేకుకి, ప్యాడ్లు రెండూ కరుచుకుపోతాయి. మా బాబు సరదాకి నొక్కిన రోజు వాటిని విడదీయడానికి గంట పట్టింది.

ట్యూబు ఎక్కించేముందు దానికి కాస్త గాలి ఊదండి, గుండ్రంగా నిలబడేంత. మడతలు పడదు. టైరు అంచుని వాల్వుకి ఎదుటి వైపు మొదలెట్టి, చివరికి వాల్వు దగ్గరికి వచ్చేలా ఎక్కించండి, ఎక్కిన భాగాన్ని గాడిలోకి తోస్తూ. చివరి బెత్తెడు మొరాయిస్తుంది. అక్కడ లీవరు వాడాలనిపిస్తుంది, వాడితే కొత్త ట్యూబుకి కొత్త కన్నం. సబ్బు నీళ్ళు రాసి అరచేతుల మడమలతో తోయండి. ఎక్కాక వాల్వుని ఒకసారి లోపలికి నొక్కి వదలండి, దాని మొదలు అంచు కింద చిక్కుకుంటే జారిపోతుంది. చుట్టూ రెండు పక్కలా అంచు విప్పి చూడండి, ట్యూబు తొంగి చూడకూడదు.

చక్రం తిరిగి పెట్టేటప్పుడు వైరు ఏ పక్కనుందో ఆ పక్కే ఉండాలి. నాది కుడి. తిరగేస్తే డిస్కు ప్యాడ్లకి అందదు కాబట్టి ఎలాగూ కుదరదు, డిస్కు లేని బండ్లవాళ్ళు మాత్రం జాగ్రత్త, మోటారు వెనక్కి తిరుగుతుంది. కార్డు తీసేసి, డిస్కుని ప్యాడ్ల మధ్యకి, ఇరుసు ముఖాల్ని గాడిలోకి, వాషరు ముక్కుని కన్నంలోకి. ఇరుసు గాడి అడుక్కి పూర్తిగా ఆనాకే నట్లు, రెండు పక్కలా కొంచెం కొంచెంగా. నా బండికి బిగింపు 40 న్యూటన్ మీటర్లు. కొలిచే పానా లేనివాళ్ళకి నా లెక్క: జానెడు పొడుగు పానా కొసన 20 కిలోల బరువు వేలాడినంత బలం. పాతిక కిలోల మేత బస్తా ఎత్తేవాళ్ళకి ఆ బలం చేతికి తెలుసు. వైరుని ఇరుసు దగ్గర ముందు కిందికి వంచి, ఆ తర్వాత పైకి తీసుకెళ్ళి కట్టండి. వాన నీరు వైరు వెంట జారి మోటారులోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది. హ్యాండిలు ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పి, బండి మడిచి కూడా చూడండి, వైరు ఎక్కడా లాగకూడదు. మామూలు సైకిలుకి లేని పరీక్ష ఇది, మడత దగ్గర లాగి తెగిన వైర్లు చూశాను.

గాలి రెండు విడతలుగా. ముందు 15 పీఎస్‌ఐ కొట్టి చక్రం తిప్పండి. టైరు అంచు పక్కన సన్నటి గీత ఒకటి చుట్టూ ఉంటుంది, అది రిమ్ముకి అంతటా ఒకే ఎత్తులో కనబడాలి. ఒకచోట మునిగి ఒకచోట తేలితే గాలి తీసి చేత్తో సవరించండి. తర్వాతే మిగతాది. ఎంతన్నది టైరు పక్కన రాసే ఉంటుంది; నాది 20 × 1.95, నేను 45 పెడతాను. పెట్రోలు బంకులో కొట్టించుకుంటే కుర్రాడి చేతిలోంచి గొట్టం మీరు తీసుకోండి. మోటారు సైకిలు ట్యూబు అనుకుని రెండు క్షణాలు ఎక్కువ పట్టాడంటే ఢామ్మంటుంది.

బ్రేకు నాలుగైదుసార్లు నొక్కి వదిలి, బ్యాటరీ పెట్టి, ముందు చక్రం గాల్లో ఉండగానే యాక్సిలరేటరు మెల్లగా తిప్పండి. వణుకు లేకుండా, ప్యాడ్లకి రాసుకోకుండా తిరిగిందంటే పని అయినట్టే. ఎంత ప్రయత్నించినా కాలేదనుకోండి, మనది మడత బండి కదా, మడిచి ఆటో వెనక వేసుకుని రావడమే. అందులో నామోషీ ఏమీ లేదు, నేను ఈ ఏడాది రెండుసార్లు అలాగే వచ్చాను.

మర్నాడు రేవుకి వెళ్ళేముందు నట్ల మీద పానా మరోసారి పెట్టండి. మొదటి రోజు నడిచాక వాషర్లు సర్దుకుని పావు చుట్టు వదులవుతాయి. పంటు వాడు కేకేస్తుంటే ఆ పావు చుట్టుని అవతలి రేవులో చూసుకుందాంలే అనిపిస్తుంది, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఇప్పుడు పానా జేబులోనే ఉంటుంది, పంటు బల్ల మీద నిలబడి బిగిస్తాను.